పెట్రోలు పొదుపు – సైకిలు త్రోవ

(ఒక పట్టణ పఠనమందిర సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ పఠనమందిర నిర్వాహకులు మమ్ము సభకు రావించి, పెట్రోలు పొదుపును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. విషయము చిన్నదిగా తోచవచ్చును. ఎన్నికలు, మంత్రివర్గములు, యుద్ధములు, సంధులు మున్నగువానిని గూర్చి ప్రతిదినము పత్రికలలో చదువు మీకు, ఇంటినుండి కచేరికి పోవు రెండు క్రోసుల త్రోవను గూర్చి వినుట విసుగు కావచ్చును. కాని జాతి బలాబలములు సభలయందుకంటె నిత్యకృత్యములయందే ఎక్కువగా తేలుచుండును. ఉప్పు చిన్న వస్తువే. 1930లో ఆ చిన్న వస్తువే దేశమును లేపి నిలిపినది. అట్లే మనము దినమునకు రెండుమారులు పోయివచ్చు త్రోవలో మన ధనమును, మన స్వాతంత్ర్యమును, మన బిడ్డల ప్రాణములును ఇమిడియున్నవని మేము మనవి చేయదలచితిమి.

మొదట చమురు సంగతి చూతము. మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. మన కృష్ణా గోదావరీ తీరములయందు చమురును, సహజవాయువును దొరకుచున్న మాట నిజమే. విశాఖపట్టణమున 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము పనిచేయుచున్న మాటయు నిజమే. కాని శుద్ధిచేయు యంత్రము మనదైనంత మాత్రమున అందు పోయు చమురు మనది కాజాలదు. అది ఎక్కువభాగము ఓడలపై రావలసినదే. ఆ ఓడలు బయలుదేరు రేవులలో యుద్ధము పుట్టిననాడు, ఇచ్చట మన వీధిచివరి పెట్రోలు బంకులో ధర కదలును. మనకు సంబంధము లేని కలహమునకు మనము సుంకము చెల్లించుచున్నాము.

ఇది ఊహ కాదు. 1973 అక్టోబరులో అరబ్బులకును ఇజ్రాయెలునకును యుద్ధము కలుగగా, అరబ్బు దేశములు చమురును బిగబట్టినవి. పీపా ఒకటికి సుమారు మూడు డాలర్లున్న ధర కొలది నెలలలో పదునొకండు డాలర్లు దాటెను. ఆ సంవత్సరము నవంబరులో అటల్ బిహారీ వాజపేయి మొదలగువారు పెట్రోలు ధర పెంపునకు నిరసనగా ఎద్దుబండిపై పార్లమెంటునకు పోయిన సంగతి పెద్దలలో కొందరికి జ్ఞాపకముండును. మరల 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తగా, పీపా ధర నూరు డాలర్లను మించిపోయెను. మధ్యకాలమున ఇట్టి ఉత్పాతములు మరికొన్ని కలిగినవి. ప్రతిమారును మనము ప్రభుత్వమును నిందించితిమి, పన్నులను నిందించితిమి, పరదేశముల పాలకులను నిందించితిమి. ఆ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. కాని మన బండి తాళపుచెవి మన చేతిలోనే యున్నదను సంగతిని మాత్రము తలపోయలేదు.

పెట్రోలు త్రాగుచున్నది పెద్ద కార్లలోని ధనికులే యని మనలో ననేకులు తలచుచున్నారు. లెక్కలు వేరు విధముగా చెప్పుచున్నవి. ప్రభుత్వ చమురు శాఖవారు చేయించి 2014లో వెల్లడించిన పరిశీలన ప్రకారము, దేశమున ఖర్చగు పెట్రోలులో నూటికి అరువది పాళ్లకు మించి స్కూటర్లును, మోటారు సైకిళ్లునే త్రాగుచున్నవి. కార్ల వంతు నూటికి ముప్పదినాలుగు పాళ్లు. అనగా ఈ వ్యయము గుమాస్తాలది, ఉపాధ్యాయులది, వర్తకులది, విద్యార్థులది. ఈ సభలో కూర్చున్న మనది. ఇంత చమురును త్రాగించుచున్నది మనమే యైనప్పుడు, దానిని తగ్గించు శక్తియు మనయందే కలదు.

కొంచెము గణితము చేయుదము. ఒక ఉద్యోగి యిల్లు కచేరికి ఆరు కిలోమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. పోయివచ్చుటకు పండ్రెండు. నెలకు ఇరువదియైదు దినములు పనియైన మూడువందల కిలోమీటర్లు. అతని బండి లీటరుకు ఏబది కిలోమీటర్లు పోవుచో నెలకు ఆరు లీటర్లు, సంవత్సరమునకు 72 లీటర్లు కావలెను. లెక్క తేలికగుటకై లీటరు నూరు రూపాయలే యనుకొన్నను సంవత్సరమునకు 7,200 రూపాయలు. ఇది పెట్రోలు మాత్రమే. ఇంజను నూనె, మరమ్మతు, భీమా, వాయిదాలపై తెచ్చిన బండికి కట్టు వడ్డీ వేరు. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దలు చెప్పిరి. మనము అప్పు చేసి పొగ త్రాగుచున్నాము. ఇట్టివారు ఒక పట్టణమున పదివేలమంది యున్నయెడల, సంవత్సరమునకు 7 లక్షల 20 వేల లీటర్లు, 7 కోట్ల 20 లక్షల రూపాయలు. లీటరు పెట్రోలు కాలినచో రెండు కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఈ ధనము పట్టణముననే నిలిచినయెడల ఎన్ని బడులకు కప్పులు పడును? ఎన్ని కుటుంబములలో పాలు, పండ్లు, పుస్తకములు కొనబడును?

ఇక కాలము సంగతి. ఆరు కిలోమీటర్లు సైకిలుపై నెమ్మదిగా పోయినను ఇరువదినాలుగు నిమిషములు పట్టును. అదే త్రోవను జనసమ్మర్దములో, కూడలికొకచోట ఆగుచు, మోటారు బండి పావుగంటకు తక్కువగా పోజాలదు. నష్టము పదినిమిషములు. ఈ పదినిమిషములను మిగుల్చుకొనిన పెద్దమనుష్యుడు వాటి నేమి చేయుచున్నాడు? సాయంకాలము మరల బండి యెక్కి, రుసుము చెల్లించి, వ్యాయామశాలకు పోయి, అచ్చట నేలకు బిగించిన సైకిలును గంటసేపు త్రొక్కుచున్నాడు! వారమునకు నూటయేబది నిమిషములైనను శరీరమునకు శ్రమ యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. కచేరికి సైకిలుపై పోవువాడు నాలుగు దినములలోనే ఆ ఋణము తీర్చుకొని, పైకము ఇంట వేసికొనుచున్నాడు.

సైకిలును గూర్చి రెండు మాటలు. 1817లో జర్మనీ దేశీయుడైన కార్ల్ వాన్ డ్రయిస్, రెండు చక్రములను ఒక దూలమునకు అమర్చి కాళ్లతో నేలను తన్నుచు పోవు బండిని చేసెను. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ, ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు చైనును గల సైకిలును వెలువరించెను. 1888లో బెల్ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. నాటినుండి నేటివరకు దాని ముఖ్యరూపము మారలేదు. మారవలసిన యవసరమును కలుగలేదు. అరువది కిలోల మనుష్యుని మోయుటకు వేయి కిలోల కారు కదలుచుండగా, ఇరువది కిలోల సైకిలు ఆ పనిని చప్పుడులేక చేయుచున్నది. చదునైన త్రోవపై నడచువాని శ్రమతోనే సైకిలెక్కినవాడు మూడింతల దూరము పోగలడు.

ఒకప్పుడు ఇదియు సీమనుండి వచ్చెడిదే. ర్యాలీ, హెర్క్యులిస్, హంబరు అను పేర్లు మన తాతలకు సుపరిచితములు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్సువారు, 1956లో లూధియానాలో హీరోవారు కర్మాగారములు నెలకొల్పిరి. నేడు సైకిళ్లు చేయు దేశములలో చైనా మొదటిదైన మనది రెండవది. బండి లూధియానా కార్మికుడు చేసినది. దాని యింధనము మన పొలములలో పండిన బియ్యము, జొన్నలు, రాగులు. టైరునకు పంక్చరైన, వీధిమూలలో నీళ్లపళ్లెము పెట్టుకొని కూర్చుండు పనివాడు పావుగంటలో బాగుచేయును. ఇంతకంటె స్వదేశీయమైన వాహన మేది?

ఐనను సైకిలు పరువు తగ్గినది. ఒకనాడు క్రొత్తయల్లుడు సైకిలు, చేతిగడియారము, రేడియో కావలెనని అలుకపాన్పుపై కూర్చుండెడివాడు. సైకిలు గలవాడు ఊరిలో లెక్కింపదగినవాడు. పురపాలక సంఘమువారు దానికి పన్ను వేసి బిళ్ల యిచ్చెడివారు. చీకటిపడిన పిదప దీపము లేకున్నను, ఒక సైకిలుపై ఇద్దరెక్కినను పోలీసువాడు నిలిపి జరిమానా వేయించెడివాడు. కొనలేనివారికి గంటల లెక్కపై అద్దెకిచ్చు దుకాణములు ప్రతి పేటలో నుండెను. నేడు అదే సైకిలుపై కచేరికి వచ్చిన ఉద్యోగిని చూచి, "పాపము, ఏమి కష్టము వచ్చెనో!" యని తోటివారు జాలిపడుచున్నారు. ద్వారపాలకుడు లోనికి పోనీయక, బండి నిలుపుటకు గోడవెనుక చోటు చూపుచున్నాడు. దూరము పెరిగినందున సైకిలు విడిచితిమని మనము చెప్పుకొనుచున్నాము. అది కొందరియెడల నిజము. పెక్కుమంది యెడల పెరిగినది దూరము కాదు, బిడియము.

ఇచ్చట మేము ముఖ్యమైన మాట నొకటి చెప్పవలసియున్నది. సైకిలు ఎక్కుడని మనము క్రొత్తగా బోధించుటకు ముందే, దానిని దిగక తిరుగుచున్నవారు మన నడుమ లక్షలకొలది యున్నారు. తెల్లవారకముందు మీ గుమ్మమున పత్రిక వేయు బాలుడు, పాలక్యానులు తగిలించుకొని వచ్చు గొల్లవాడు, తాపీమేస్త్రి, రాత్రి కాపలా ముగించుకొని మరలు కావలివాడు, అయిదారు కిలోమీటర్లు త్రొక్కుచు ఉన్నతపాఠశాలకు పోవు పల్లెబాలిక – వీరికి పెట్రోలు పొదుపును గూర్చి మేము బోధింపబోము. వీరు జన్మమంతయు పొదుపు చేసియే యున్నారు. దేశపు ధనము విదేశమునకు పోకుండ తమ కాళ్లబలముతో ఆపుచున్నవారు వీరు. మరి దేశము వీరికి ఇచ్చిన ప్రతిఫల మెట్టిది? రహదారి అంచున గతుకులు, ఇసుక, తెరచియున్న మురుగుకాలువ, వెనుకనుండి లారీకూత.

2011 జనాభా లెక్కల ప్రకారము, దేశమున నూరు కుటుంబములలో సుమారు 45 కుటుంబములకు సైకిలు కలదు. మోటారుతో నడచు రెండుచక్రముల బండి 21 కుటుంబములకు కలదు. కారు గల కుటుంబములు అయిదుకు లోపు. కాని వీధులు ఎవరికొరకు వెడల్పు చేయబడుచున్నవి? వంతెనలు ఎవరికొరకు లేచుచున్నవి? రహదారులు మనుష్యులకొరకే గాని వాహనములకొరకు కాదని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము ఒప్పుకొనినది. మాట కాగితముపై చక్కగా నున్నది. వీధిలో మాత్రము కానరాదు. 2022 సంవత్సరమొక్కటిలో ఈ దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలువదినలుగురికి మించి మోటారు రెండుచక్రముల బండ్లపై పోవువారు. పాదచారులును, సైకిళ్లవారును వేలకొలది. తండ్రి తన బిడ్డకు సైకిలు కొనియిచ్చి, వీధిలో తొక్కవలదని ఆజ్ఞాపించుచున్నాడు. ఇది పిరికితనము కాదు. వీధిని ఎరిగిన తండ్రి భయము.

కావున, "పొదుపు చేయుడు, దేశభక్తి చూపుడు" అని ప్రజలకు హితవుచెప్పి చేతులు దులుపుకొను పాలకులతో మేము ఏకీభవింపజాలము. త్రోవ ఇయ్యక త్రొక్కుమనుట న్యాయము కాదు.

ఇందుకు హాలండు దేశపు వృత్తాంతము తార్కాణము. సైకిలనగానే ఆ దేశము పేరు చెప్పుదురు. ఆ ప్రజలకు అది పుట్టుకతో వచ్చిన గుణమని తలతురు. అట్లు కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చటను కార్లు పెరిగినవి, సైకిళ్లు తగ్గినవి, కాలువలు పూడ్చి వీధులు చేసిరి. 1971లో ఆ చిన్న దేశమున సుమారు 3,300 మంది రహదారులపై మరణించిరి. అందు నాలుగువందలకు మించి బాలబాలికలు. కూతురిని కోల్పోయిన యొక పత్రికారచయిత, శిశుహత్య మానుడను శీర్షికతో 1972లో వ్యాసము వ్రాసెను. తల్లులు, తండ్రులు, విద్యార్థులు వీధులలో బైఠాయించిరి. మరుసటి సంవత్సరమే చమురు నిరోధము వచ్చి పడెను. 1973 నవంబరు 4వ తేది మొదలు కొన్ని ఆదివారములు కార్లు నడపరాదని ప్రభుత్వము శాసించెను. ఆ ఆదివారములలో పిల్లలు రాజమార్గములపై చక్రముల బూట్లు కట్టుకొని ఆడిరి. తమ వీధి ఎంత విశాలమో, ఎంత నిశ్శబ్దమో ప్రజలు కన్నులార చూచిరి.

చూచి ఊరకుండలేదు. సైకిళ్లకు వేరుబాటలు కావలెనని పట్టుబట్టిరి. నేడు అచ్చట 35,000 కిలోమీటర్ల ప్రమాణమున ప్రత్యేకమైన సైకిలు బాటలు కలవు. పదునెనిమిది కోట్ల కాదు, సుమారు పదునెనిమిది మిలియనులు, అనగా కోటి యెనుబది లక్షల జనమునకు రెండుకోట్లకు మించి సైకిళ్లున్నవి. జనులు చేయు ప్రయాణములలో నాల్గవవంతునకు పైగా సైకిలుపైనే జరుగుచున్నవి. ప్రధానమంత్రులుగా నున్నవారును సైకిలుపై కచేరికి పోయి వచ్చిరి. వారు మనకంటె ధర్మాత్ములని కాదు. వారు త్రోవ నడిగిరి, త్రోవ వచ్చినది, త్రోవ రాగా ఎక్కిరి.

మన ప్రాంతమున ప్రయత్నము లేకపోలేదు. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కన, సూర్యరశ్మితో విద్యుత్తు నిచ్చు పలకలను పైకప్పుగా వేసి, 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరు 1వ తేదిన ప్రారంభించిరి. ఎండకు నీడయు, రాత్రికి దీపమును గల బాట. మెచ్చుకొనవలసినదే. కాని అది ప్రాతఃకాలమున వ్యాయామమునకు పోవువారికి ఎక్కువ యుపయోగము. దుకాణపు గుమాస్తా, కర్మాగారపు కూలి, బడిపిల్ల తిరుగు వీధులు వేరు. సైకిలు బాట ఊరిచుట్టును కాదు, ఊరి నడుమ పోవలెను. ఇంటిని పనితో, బడిని బజారుతో, రైలు స్టేషనును బస్సు నిలయముతో కలుపవలెను.

మీలో కొందరి మనస్సులలో మెదలుచున్న ఆక్షేపణలు మాకు తెలియును. "బెజవాడ యెండలో సైకిలా?" యందురు. ఏప్రిలు, మే మాసములలో మధ్యాహ్నము పదునొకండు మొదలు నాలుగు వరకు ఎవరిని త్రొక్కుమని మేము చెప్పము. కాని ఉదయము తొమ్మిదింటికి పోయి సాయంకాలము ఆరింటికి మరలువానికి సంవత్సరమున తొమ్మిది పది మాసములు ఈ బాధ లేదు. ఎండ గొప్పదైనచో చెట్లు నాటుట మందు గాని, ఉన్న చెట్లు కొట్టి వీధి వెడల్పు చేయుట కాదు. "ఇరువది కిలోమీటర్ల దూర" మందురు. అట్టివారు స్టేషనువరకు సైకిలుపై పోయి, అచ్చట భద్రముగ నిలిపి, రైలో బస్సో ఎక్కవలెను. "స్త్రీల కెట్లు?" అందురు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాతి సంవత్సరములలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చుటచే ఉన్నతపాఠశాలలో చేరువారి సంఖ్య పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. స్త్రీకి సైకిలు భారము కాదు. ఒకరిని అడుగనక్కరలేక కదలు స్వేచ్ఛ. ఆమెకు అడ్డు సైకిలు కాదు, దీపములులేని వీధి.

"విద్యుత్తు బండ్లు వచ్చుచున్నవి గదా, ఇక సైకిలేల?" యని మరికొందరందురు. రానిండు, పొగ తగ్గును. కాని మన విద్యుత్తులో హెచ్చుభాగము నేటికిని బొగ్గునుండి పుట్టుచున్నది. బ్యాటరీకి కావలసిన లిథియము విదేశములనుండియే వచ్చుచున్నది. చమురు దాస్యమును విడిచి మరియొక దాస్యమున చేరుదుమేమో చూచుకొనవలెను. రెండు కిలోమీటర్ల దూరముననున్న కూరగాయల దుకాణమునకు ఏ యింజనును అక్కరలేదు.

ఇక చేయవలసినదేమి? మేము అసాధ్యమును కోరుట లేదు. మోటారు బండి గలవారు దానిని అమ్మివేయనక్కరలేదు. ఆరేడు కిలోమీటర్లలోపు పని గలవారు వారమునకు రెండు దినములు సైకిలుపై పోవుడు. రెండు దినములనిన మూడవవంతు పెట్రోలు మిగులును. కచేరీలకును, కళాశాలలకును, బ్యాంకులకును అధికారులుగా నున్నవారు తమ ముంగిట, గోడవెనుక కాక, సైకిళ్లకు నీడగల చోటును, ముఖము కడుగుకొనుటకు నీళ్లను ఏర్పరుపుడు. పై అధికారి ఒక్కదినము సైకిలుపై వచ్చిన, ఆ కచేరీలో బిడియము సగము పోవును.

పురపాలక సంఘమును అడుగవలసినవి నాలుగు. ప్రధాన వీధులలో సైకిళ్లకు అడుగున్నర యెత్తుగల గట్టుతో వేరుచేసిన బాట. ఆ బాటపై కార్లు నిలిపిన జరిమానా. బడులచుట్టును మోటారు వేగమునకు హద్దు. మురుగుకాలువలకు మూతలు, వీధులకు దీపములు. వంతెన యొక్కదానికి వ్యయమగు ధనముతో ఇవి ఎన్నియో వీధులలో చేయవచ్చును. ఓట్లకై మీ గుమ్మమునకు వచ్చువారిని, మీరు సైకిలు బాటకు ఏమి చేయుదురని అడుగుడు. ఈ పఠనమందిర సభ్యులు ఒక ఆదివారము కూర్చుండి, మీ పట్టణమున బడిపిల్లలు త్రొక్కుచున్న వీధు లెవ్వి, ప్రమాదము గల కూడళ్లెవ్వి యని పటము గీసి, నూరుమంది సంతకములతో సంఘమునకు అందజేయుడు. హాలండులో పని ఇట్లే మొదలైనది.

సోదరులారా! మనము పొదుపుచేసిన ప్రతి లీటరును దేశమునకు లాభమే. కాని అంతకుముందు తీర్పవలసిన ఋణమొకటి కలదు. పేదవాడు ఎన్నడును అడుగక, ఎవ్వరును పొగడక, తన రెండు కాళ్లతో ఈ దేశపు చమురును మిగుల్చుచున్నాడు. అతనికి మూడు గజముల వెడల్పున భద్రమైన బాట నిచ్చుట మన ధర్మము. అతని బిడ్డ నిర్భయముగా త్రొక్కగల బాట యేదో, దానిపై మన బిడ్డలును పోగలరు, మనమును పోగలము. దానిని సాధించుటకు పూనుకొనుడని మిమ్ము ప్రార్థించుచు విరమించుచున్నాము.